మూడు తరాల పేర్లు రాసిపెట్టుకుందాం

మా ఏన్కూరు మండలంలో ఏ ఊరికి వెళ్లినా, తిమ్మారావుపేట కానివ్వండి, జన్నారం కానివ్వండి, నడిమింటి గోడకు దండ వేసిన ఫొటో ఒకటి ఉంటుంది. తలపాగా చుట్టుకున్న పెద్దాయనో, కొంగు నిండా కప్పుకున్న ముసలమ్మో అందులో ఉంటారు. "ఎవరమ్మా వీళ్లు?" అని ఆ ఇంటి పిల్లను అడిగితే "మా నాన్నవాళ్ల తాత" అంటుంది. పేరడిగితే వాళ్లమ్మ వంక చూస్తుంది. వాళ్లమ్మ అత్తగారి వంక చూస్తుంది. అత్తగారు ఉంటే ఆ పేరు బయటికొస్తుంది, లేకపోతే లేదు. ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పే నేను ఎనిమిదో తరగతి పిల్లల్ని తమ వంశవృక్షం రాసుకు రమ్మంటుంటాను. తాతను దాటి రాసేవాళ్లు తక్కువ. నాయనమ్మ పుట్టిన ఊరు రాసేవాళ్లు మరీ తక్కువ.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పల్లెటూళ్లలో రైతు కుటుంబాల, కూలి కుటుంబాల, గిరిజన కుటుంబాల చరిత్ర ఏ గ్రంథాలయంలోనూ లేదు. డెబ్బై, ఎనభై దాటినవాళ్ల నోటిలో ఉంది. వాళ్లుండగానే దాన్ని రాసిపెట్టుకోవాలి. ఆచారాలు పట్టుకు కూర్చున్న పాతకాలం మనుషులని మనం పక్కన పెట్టిన పెద్దలే దాన్ని ఇన్నాళ్లు కాపాడారు. రాసేటప్పుడు మాత్రం వాళ్లను దేవుళ్లను చేయకూడదు, మంచీ చెడూ రెండూ రాయాలి.

మా నాయనమ్మ అలాంటి పాతకాలం మనిషి. ఇంట్లో ఆడవాళ్ల పేర్లు పదిమందిలో అనడం ఆమెకు నచ్చేది కాదు. అందుకని ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు, మా ఇంటి పుస్తకంలో రాశాను. అక్షరం ముక్క వచ్చేది కాదు. మంగళవారం, శుక్రవారం చేతిలోంచి డబ్బు బయటికి పోనిచ్చేది కాదు. కొత్త బియ్యం ముందు దేవుడికి, తరవాత పెద్దలకు, ఆ తరవాతే మాకు. దీపాలవేళ ఇల్లు ఊడిస్తే కేకలేసేది. మా నాన్నను ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు, "పెద్దోడా" అనేది. నాన్నది ఆమె మామగారి పేరు. మామగారి పేరు కోడలు అనకూడదు.

ఈ కట్టుబాటు చూసి చిన్నప్పుడు నవ్వుకునేదాన్ని. దాని వెనక ఒక ఏర్పాటు ఉందని తరవాత అర్థమైంది. పెద్ద కొడుక్కి తాత పేరు పెట్టడం మన ఊళ్లలో తరతరాల రివాజు. ఆ లెక్కన ఒక పేరు ఇంట్లో ఒక తరం వదిలి ఒక తరం వస్తూనే ఉంటుంది. చదువు లేని కుటుంబం తన వంశావళిని మనుషుల మీదే రాసుకుందన్న మాట. ఇవాళ పిల్లలకు ఇంటర్నెట్‌లో వెతికి కొత్త పేర్లు పెడుతున్నాం. పెట్టుకోవచ్చు, తప్పులేదు. కానీ పాత ఏర్పాటు పోయినప్పుడు దాని స్థానంలో కాగితమన్నా ఉండాలి కదా.

పెత్రమాస రోజు ఆమె సంగతి ఇంకా బాగా తెలిసేది. భాద్రపద అమావాస్య నాడు చనిపోయినవాళ్ల పేరున బియ్యం, పప్పు, చింతపండు, మిరపకాయలు, గుమ్మడికాయ ముక్క మోదుగ విస్తట్లో సర్ది అరుగు మీద పెట్టేవాళ్లు. అయ్యగారు వచ్చి ఎవరెవరి పేరున అని అడిగితే, నాన్న తన తండ్రి పేరు, తాత పేరు చెప్పి ఆగిపోయేవాడు. తలుపు చాటునుంచి నాయనమ్మ ముత్తాత పేరు అందించేది. అయ్యగారు వెళ్లిపోయాక అసలు పని మొదలయ్యేది. చాటలో సోలెడు సోలెడు బియ్యం వేరువేరుగా కుప్పలు పోసేది. ఒక్కో కుప్ప ముందు ఒక్కో పేరు చెప్పేది. తన అత్త, అత్తగారి అత్త, తన తల్లి, తల్లిని కన్న తల్లి, పురిట్లో పోయిన ఆడబిడ్డ. ఒక్కొక్కరికి పుట్టిన ఊరేది, ఏ ఇంటి ఆడపడుచు, ఎట్లా పోయింది, అన్నీ చెప్పి, ఆ బియ్యం మా ఇంటికి పనికొచ్చే ముసలమ్మ కొంగులో పోసేది. మా ఇంటి ఆడవాళ్ల చరిత్రకు ఆ బియ్యం కుప్పలు తప్ప ఇంకో ఆధారం లేదు. భూమి కాగితాల్లో వాళ్లెవరూ లేరు.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. నిజాం కాలం నాటి పహాణీలు ఉర్దూలో ఉంటాయి, వాటి మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం ఇంచుమించుగా వస్తుంది. ఫసలీ 1358 అంటే 1948 దరిదాపు. ఆ పహాణీల్లో పట్టాదారు పేరు, అతని తండ్రి పేరు, ఎవరు దున్నుతున్నారు, ఏ పంట వేశారు అన్నవి ఉంటాయి. రైతు కుటుంబం తన చరిత్ర వెతుక్కోవడానికి ఇది మంచి ఆధారం. కానీ అందులో కనబడేది ఎక్కువగా భూమి ఉన్న మగవాడు. కూలివాడు కనబడడు, ఆడమనిషి కనబడడం అరుదు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయ్యాక వాళ్ల ఇళ్లలో ఉన్న పాత దస్తరాలు చాలాచోట్ల చెదలు పట్టాయి. 2020లో వచ్చిన ధరణి భూరికార్డుల పోర్టల్‌లో, భూమి దున్నేవాడి పేరుండే అనుభవదారు కాలమే లేకుండా పోయింది. కాగితం మారిన ప్రతిసారీ ఎవరో కొందరు అందులోంచి జారిపోతున్నారు.

నాయనమ్మకు ఫసలీ తెలియదు, ఇంగ్లీషు సంవత్సరం తెలియదు. ఆమెకు తెలిసిన లెక్కలు వేరు. "మీ నాన్న సర్వధారిలో పుట్టాడు. పోలీసు చర్య అయిన నెలకు" అనేది. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కనుక సర్వధారి అంటే 1948 గానీ 2008 గానీ కావాలి. హైదరాబాదు మీద సైనిక చర్య 1948 సెప్టెంబరు 13న మొదలై 17న ముగిసింది. అంటే నాన్న పుట్టింది ఆ అక్టోబరులో. బడిలో చేర్చేటప్పుడు ఆనాటి పంతులుగారు వేసింది 1950 జూలై 1. ఆ తరం పిల్లల్లో చాలామందికి జూలై 1 పుట్టినరోజు. ఆధార్‌లో ఇప్పటికీ అదే ఉంది. ఏది నిజం? నాకు నాయనమ్మ లెక్కే నిజం, ఎందుకంటే దానికి రెండు సాక్ష్యాలు ఉన్నాయి.

చిన్నత్త పెళ్లి "గోదారి భద్రాచలాన్ని ముంచిన శ్రావణంలో" అనేది. గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు చేరింది 1986 ఆగస్టులో. మా చిన్నమామవాళ్లది ఏటి అవతలి ఊరు. పెళ్లివారు రాలేక ముహూర్తం మారింది. అంతకుముందు పెద్ద వరద 1953లో. అది నాయనమ్మ మూడో కాన్పుకు గుర్తు. ఆమె పుట్టినప్పుడు మా ఊరు నిజాం ఏలుబడిలో వరంగల్ జిల్లా. 1953 అక్టోబరు 1న ఖమ్మం జిల్లా అయింది. 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అయింది. ఆమె గడప దాటి పోయింది లేదు, రాజ్యాలే ఆమె గడప ముందు మారిపోయాయి. ఆమె పోయాక తెలంగాణ వచ్చింది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా విడిపోయి, మా పక్కనున్న జూలూరుపాడు వేరే జిల్లా అయింది. మా మేనత్తవాళ్లు ఇప్పుడు పొరుగు జిల్లా వాళ్లు. ఊరు, జిల్లా, రాష్ట్రం పేర్లు ఇట్లా మారుతుంటే మనవరాళ్లు వెతికేటప్పుడు దేన్ని పట్టుకుని వెతకాలి? కుటుంబం రాసుకున్న నాలుగు ముక్కల్నే పట్టుకోవాలి.

ఇది కేవలం మమకారం సంగతి కాదు. అడవి అంచున బతికేవాళ్లకు ఇది తిండిగింజల సంగతి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి అటవీ భూమిని సాగుచేసుకుంటున్న గిరిజనులకు హక్కు గుర్తించాలని చెప్పింది. గిరిజనేతరులైతే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అడవినే నమ్ముకుని ఉన్నట్టు చూపించాలి. దేనితో చూపించాలి? 2008 నాటి నియమాల్లో సాక్ష్యాల జాబితా ఉంది. ప్రభుత్వ రికార్డులు, పాత సంస్థానాల కాగితాలు అందులో ఉన్నాయి. వాటితోపాటు పాత బావులు, శ్మశానాలు, దేవుళ్ల తావులు ఉన్నాయి. పాత రికార్డులో పేరున్న మనిషి దాకా పోయే వంశావళి ఉంది. దరఖాస్తు పెట్టుకున్నవాడు కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాటను రాతలో పెట్టిన వాంగ్మూలం కూడా ఉంది. అంటే ముసలమ్మ మాట రాస్తే సాక్ష్యం, రాయకపోతే ఉత్త మాట. 2023లో పోడు పట్టాలు పంచినప్పుడు ఆనందపడ్డ ఇళ్లు చూశాను, దిగాలుపడ్డ ఇళ్లూ చూశాను. తాత ఎప్పుడు ఏ చెలక కొట్టాడో, ఎవరి పక్కన కొట్టాడో చెప్పగలిగిన పెద్ద మనిషి రెండేళ్ల ముందే పోయిన ఇళ్లు ఉన్నాయి.

గోదావరి ఒడ్డు ఊళ్లది ఇంకా పెద్ద నష్టం. కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. పోలవరం ముంపు కింద ఊళ్లు ఖాళీ చేసి పునరావాస కాలనీలకు కదులుతున్న కుటుంబాలు ఇల్లు, పొలం, చెట్టు లెక్క వేయించుకున్నాయి. పెద్దల్ని పూడ్చిన తావుకు, పాతిన రాళ్లకు లెక్క ఎవరు వేస్తారు? కోయవాళ్లకు ఆ రాళ్లే వంశ చరిత్ర. నీళ్లు రాకముందే ఏ రాయి ఎవరిదో రాసి, ఫొటో తీసి పెట్టుకోవాలి. ఆ పని సర్కారు చేసేదాకా ఆగకుండా ఊరి చదువుకున్న పిల్లలే చేయాలి.

ఒకప్పుడు ఈ పనికి మన దగ్గర మనుషులే ఉండేవాళ్లు. కోయలకు డోలీలు ఉన్నారు. గుడ్డ మీద బొమ్మలున్న పడిగె విప్పి, ఏ గట్టు, అంటే కోయల ఏ వంశవర్గం, ఎక్కడ పుట్టింది, ఏ వేల్పు ఎవరిది అని పాడతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యగారు కాగితం చూడకుండా సమ్మక్క సారలమ్మల కథ, కోయ వీరుల కథలు పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయన పోయారు. ఆయనతోపాటు ఎన్ని పాటలు పోయాయో చెప్పగలిగినవాళ్లు కొద్దిమందే. పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, గొల్లలకు మందహెచ్చులవాళ్లు, విశ్వబ్రాహ్మణులకు రుంజలవాళ్లు ఉన్నారు. కాపు ఇళ్లకు వంశరాజులు వచ్చి ఇంటిపేరు, గోత్రం, వంశం చెప్పి గింజలు పట్టుకెళ్లేవాళ్లు. వాళ్లను మనం బిచ్చగాళ్ల కింద జమకట్టి గడపలోంచి పంపేశాం. వాళ్ల పిల్లలు కూలికి, చదువుకు, పట్నానికి పోయారు. వాళ్లు పోవడం న్యాయమే. కానీ వాళ్ల తలల్లో ఉన్నది ఎక్కడా దిగలేదు.

అమెరికాలో అలెక్స్ హేలీ అనే రచయిత తన అమ్మమ్మ చెప్పిన నాలుగు ముక్కలు పట్టుకుని ఆఫ్రికాలో గాంబియా దాకా వెళ్లాడు. అక్కడ వంశాలు పాడే గ్రియో ఒకాయన నోట తన పూర్వీకుడి పేరు విన్నానని రాశాడు. ఆ పుస్తకం 1976లో వచ్చింది. సహవాసిగారు దాన్ని 'ఏడు తరాలు'గా మన చేతికిచ్చారు. కన్నీళ్లు పెట్టుకుని చదివిన తెలుగువాళ్లు ఎందరో. అంతమందిలో పుస్తకం మూసి తన ఇంటి ఏడు తరాలు అడిగినవాళ్లు ఎందరు? మారిషస్‌లోని తెలుగువాళ్లను చూడండి. చెరకుతోటల కూలీలుగా ఓడెక్కిన వాళ్ల పెద్దలకు ఒక్కొక్కరికి ఒక నంబరు వేశారు. ఓడ పేరు, వచ్చిన ఏడు, సొంత ఊరు రాశారు. ఆ రిజిస్టర్లు మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. దొరలు తమ లెక్క కోసం రాసుకున్నవే ఇవాళ మనవళ్లకు ఆధారం. సముద్రం దాటిపోయిన కూలికి రాత ఉంది. ఊళ్లోనే ఉండి పంట పండించిన కూలికి లేదు.

ఇక ఆచారాల సంగతి. నాయనమ్మ విత్తనాన్ని దేవుడితో సమానంగా చూసేది. పచ్చజొన్న, కంది, పెసర గింజల్లో మేలైనవి ఏరి, ఎండబెట్టి, బూడిద కలిపి, ఎండిన సొరకాయ బుర్రలో పోసి మూతికి పేడ మెత్తేది. ఆ బుర్రను అంటు చేతులతో ముట్టనిచ్చేది కాదు. అంటు అనేది నాకు నచ్చని మాట. కానీ తడి చేయి తగిలితే గింజకు బూజు పడుతుందన్నది నిజం. మా ఊరి కోయ ఇళ్లలో మామిడి పండుగ కాకుండా మామిడికాయ కోయరు. టెంక ముదరకుండా కోస్తే ఆ చెట్టు కింద కొత్త మొక్క లేవదు. ఇప్పచెట్టు మీద గొడ్డలి పెడితే పాపమన్న మాట ఎండాకాలంలో ఎన్నో ఇళ్లకు పూలు రాల్చింది. ఇప్పుడు మా మండలంలో మిర్చి వేసే రైతు ప్రతి ఏటా విత్తనం ప్యాకెట్టు కొంటున్నాడు. మొలక రాకపోతే ఎవరిని అడగాలో తెలియక తిరుగుతున్నాడు. ఆచారాన్ని తిరిగి తెమ్మని నేను అనడం లేదు. దాని వెనకున్న కారణాన్ని పెద్దల్ని అడిగి రాసుకోమంటున్నాను.

అదే చేత్తో రెండో వైపు కూడా రాయాలి. మా ఇంటి వెనక గోడ మీద ఒక సత్తు గ్లాసు బోర్లించి ఉండేది. పొలం పనికొచ్చిన దళితులకు నాయనమ్మ మంచినీళ్లు పైనుంచి పోసేది. అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చింది. ఆ గ్లాసు ఆ తరవాత చాలా ఏళ్లు ఆ గోడ మీదే ఉంది. పెద్దత్త బాగా చదివేదట. ఐదో తరగతితో మాన్పించింది కూడా నాయనమ్మే. "ఆడపిల్లకు అంతకన్నా ఎందుకు?" అన్నదట. ఇన్ని తరాల ఆడవాళ్ల పేర్లు గుర్తుపెట్టుకున్న మనిషి సొంత కూతురికి పేరు రాసుకునే చదువును మించి దక్కనివ్వలేదు. రేషన్ కార్డు రాయడానికి వచ్చినాయన "భర్త పేరు?" అంటే నోరు తెరవకుండా నా భుజం తట్టి "చెప్పవే" అంది. ఇవన్నీ మా ఇంటి పుస్తకంలో ఉన్నాయి. రాయొద్దని బంధువులు కొందరు కోప్పడ్డారు. పొగడ్త ఒక్కటే రాస్తే అది చరిత్ర కాదు, పెద్దకర్మ రోజు పంచే కార్డు అవుతుంది. ఆ గ్లాసు సంగతి రాయకపోతే, ఆ గ్లాసుతో తాగినవాళ్ల మనవలు రాసుకునే చరిత్రకు మన చరిత్ర అబద్ధం చెబుతుంది.

చేయవలసిన పని పెద్దది కాదు. ఇంట్లో పెద్దవాళ్లను పుట్టిన తేదీ అడగకండి, చెప్పలేరు. ఏ వరదకు, ఏ కరువుకు, ఏ ఎన్నికకు ఎంత వయసువాళ్లో అడగండి. ఆడవాళ్ల పుట్టినిల్లు తప్పకుండా అడగండి. భూమి ఎట్లా వచ్చిందో, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో, ఎట్లా పోయిందో అడగండి. ఫోనులో రికార్డు చేసి ఊరుకోకండి, ఫోను పోతే మాట పోతుంది. నోటుపుస్తకంలో రాసి, చెప్పినవాళ్ల పేరు, తేదీ వేసి, వాళ్లకు చదివి వినిపించి, వేలిముద్రో సంతకమో తీసుకోండి. పాత ఫొటోల వెనక పెన్సిలుతో పేర్లు రాయండి.

బడులు కూడా ఈ పని తలకెత్తుకోవాలి. ఉన్నత పాఠశాల పిల్లలు దసరా సెలవుల్లో తమ ఇంటి మూడు తరాలు రాసుకొస్తే, ఒక ప్రతి బడి గ్రంథాలయంలో, ఒకటి గ్రామపంచాయతీలో ఉంచవచ్చు. అటవీ గ్రామాల్లో గ్రామసభ పెట్టినప్పుడే పెద్దల వాంగ్మూలాలు రాయించి తీర్మానంలో చేర్చవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు. డోలీలు, డక్కలివాళ్లు, వంశరాజుల లాంటి కళాకారుల్లో మిగిలినవాళ్ల పాటలు రికార్డు చేయించి, వాళ్లకు తగిన భృతి ఇవ్వడం మాత్రం ప్రభుత్వమే చేయాలి. పద్మశ్రీ ఒక్కరికి వస్తుంది, ఆకలి అందరికీ ఉంటుంది.

మీ ఇంట్లో ఎనభై దాటినవాళ్లు ఉంటే ఈ ఆదివారం వాళ్ల పక్కన కూర్చోండి. ముందు వాళ్లమ్మ పేరు అడిగి రాసుకోండి. మిగతావి వాళ్లే చెబుతారు.